కుళాయి కట్టేసిన పావుగంట

ఇరవై ఒక్క ఏళ్ళు నేను ఇతరుల ఇళ్ళ మురుగు పైపుల్లోకి చూసి జీతం తీసుకున్నాను. చర్చిలో కొత్తగా వచ్చిన పిల్లలెవరైనా "ఆంటీ, మీరేం జాబ్ చేసేవారు?" అని అడిగితే ఈ మాటే చెప్తాను. కొందరు నవ్వుతారు, కొందరు చేతిలోని సమోసా పక్కన పెడతారు. అలా పక్కన పెట్టినవాళ్ళలో ఇద్దరు తర్వాత ఇదే పనిలో చేరారు. వాళ్ళ కోసం, వాళ్ళలాంటి వాళ్ళ కోసం ఒక్క వారం సంగతి రాస్తున్నాను. ఆ వారం నేను తప్పు చేశానని నలుగురి ముందు నిలబడి చెప్పాను. అయినా నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఇల్లు చేరిన వారం ఇంకొకటి లేదు.

నేను బడికి వెళ్ళి చదువుకున్న దాన్ని కాదు. మా నాన్నగారు గోదావరి కాలవ లాకుల దగ్గర పనిచేసేవారు. లాకు క్వార్టర్స్ నుంచి బడి చాలా దూరం. చిన్నప్పుడు వచ్చిన ఒక జ్వరం నా గుండెను పట్టుకుంది, అంత దూరం నడిపించవద్దని డాక్టరు చెప్పారు. దాంతో అమ్మే పలక పట్టుకుని కూర్చుంది. లెక్కలు, ఇంగ్లీషు, ప్రార్థన అన్నీ ఒకే చాప మీద నేర్చుకున్నాను. పదో తరగతి ప్రైవేటుగా రాశాను. పెళ్ళయ్యాక, మా ఆయనకి కెనడాలోని విండ్సర్‌లో కార్ల విడిభాగాల షాపులో పని దొరికితే, ఆ సర్టిఫికెట్ ఒక్కటీ పెట్టెలో పెట్టుకుని వచ్చాను.

విండ్సర్ పక్కనే ఒక చిన్న కంపెనీలో ఫోన్లెత్తే పనికి చేరాను. ఇళ్ళ మురుగు పైపుల్లోకి కెమెరా పంపి చూడడం, పాడైనవి బాగుచేయడం వాళ్ళ పని. కెమెరా పట్టుకునే వాళ్ళ చేతిరాత ఎవరికీ అర్థమయ్యేది కాదు. నాకు అర్థమయ్యేది. ఆ కాగితాలు టైప్ చేస్తూ, వాటితో పాటు వచ్చే వీడియోలు చూస్తూ, నాలుగేళ్ళలో ఏ పైపుకి ఏం చేయాలో రాసే సీట్లో కూర్చున్నాను. ఇది నా తెలివి అనుకోను. దేవుడు ఒక తలుపు కొంచెం తెరిచి పెట్టాడు, నేను లోపలికి వెళ్ళాను, అంతే.

పని గురించి అవసరమైనంతే చెప్తాను. ఇంటి నుంచి వీధిలోని పెద్ద మురుగు పైపు దాకా ఒక చిన్న పైపు ఉంటుంది. పాత ఇళ్ళకి అది కాల్చిన మట్టి పైపు. మేపుల్ చెట్ల వేళ్ళు దాని అతుకుల్లోంచి లోపలికి దూరతాయి. దూరిన వేళ్ళని ఏడాదికోసారి కోయించుకుంటూ నెట్టుకురావచ్చు. లేదా వేళ్ళు కోసేసి, పైపు లోపల రెసిన్ అనే జిగురు పట్టించిన మెత్తని తొడుగు పరిచి గట్టిపడనివ్వచ్చు. జాకెట్టు లోపల గుడ్డ వేస్తాం చూడండి, అదే పేరు దీనికీ, లైనింగ్. పాడైన చోట మాత్రం చిన్న గొయ్యి తీసి ఒక ముక్క మార్చవచ్చు. అన్నిటికంటే ఖరీదైంది, ఇంటి గోడ నుంచి వీధి దాకా మొత్తం తవ్వి కొత్త పైపు వేయడం.

వీటిలో చవకది చెప్పమని ఇంటివాళ్ళు అడుగుతారు. పైపుకి ఏం జబ్బో తెలియకుండా జవాబు చెప్పలేం. వాలు సరిగ్గా ఉన్న పైపుకి లైనింగ్ బంగారం లాంటిది. మధ్యలో కుంగిన పైపుకి లైనింగ్ వేస్తే కుంగు అలాగే ఉంటుంది, అందులో నీళ్ళూ అలాగే ఉంటాయి, పెట్టిన ఖర్చంతా ఆ నీళ్ళ కింద ఉంటుంది.

ఆ పొరపాటు నేను చేశాను. ఈ కథ జరగడానికి రెండేళ్ళ ముందు, ఒక పైపులో కొద్దిగా నీళ్ళు నిలిచి కనబడితే పర్వాలేదనుకుని లైనింగ్ రాశాను. తొడుగు అద్దంలా వచ్చింది. నెల తిరక్కుండా ఆ కుంగులో కాగితం పేరుకుపోయి, ఆ ఇంటి బేస్‌మెంటులోకి మురుగు ఎగదన్నింది. ఆ వారాంతంలోనే వాళ్ళ పాప పుట్టినరోజు. నేను వెళ్ళి వాళ్ళతో పాటు నేల తుడిచాను. మా ఓనరు ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, మాటలు తక్కువ. నన్ను ఒక్క మాట అనలేదు, తన డబ్బుతో ఆ పైపు తవ్వించి మార్పించాడు. తిట్టి ఉంటే నా భయం అంతటితో పోయేదేమో. ఆ రోజు నుంచి స్క్రీన్ మీద నీళ్ళు కనబడితే చాలు, చేయి దానంతటదే "తవ్వాలి" అని రాసేది.

ఇప్పుడు ఆ వారం దగ్గరికి వస్తాను. నవంబరు మొదలు. దగ్గర్లోని ఒక చిన్న టౌన్‌లో, కార్ల ఫ్యాక్టరీ పనివాళ్ళ కోసం ఎప్పుడో కట్టిన ఒక వీధిలో ఇరవై రెండు ఇళ్ళు. ప్రతి వానకీ ఎవరో ఒకరి బేస్‌మెంటులోకి మురుగు వస్తోంది. నేల గడ్డకట్టకముందే వీధి మొత్తానికీ ఒకేసారి బాగుచేయిద్దామని టౌన్ వాళ్ళు నిర్ణయించారు. వీధి వైపు ఖర్చు టౌన్‌ది, ఇంటి స్థలంలో ఉన్న పైపు ఖర్చు ఇంటివాళ్ళది. ఏ ఇంటికి ఏం చేయాలో చూసి చెప్పడం మా కంపెనీ పని. శుక్రవారం మీటింగులో మా రిపోర్టు చదివితే, ఆ పై సోమవారం యంత్రాలు దిగుతాయి.

కెమెరా పట్టుకున్నది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు. దుబాయ్‌లో పదేళ్ళు పైపుల పని చేసి వచ్చాడు. మా కంపెనీలో అతని వీడియో అంత స్పష్టంగా ఎవరిదీ వచ్చేది కాదు. బేస్‌మెంటు నేలలో మురుగు పైపుకి ఒక మూత ఉంటుంది. ఆ మూత తీసి కెమెరా దింపేటప్పుడు, పక్కనే బట్టలుతికే తొట్టి కుళాయికి హోస్ తగిలించి నీళ్ళు వదిలేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"నీళ్ళు ఇడ్వకపోతే కెమెరా జారది అక్కా. కండ్లద్దాలు తుడ్వకుండ పేపరు సదువుతరా ఎవరన్న?" అన్నాడు.

నాకది సబబుగానే తోచింది. ఆ ఇరవై రెండు వీడియోల్లో పంతొమ్మిదింటిలో కెమెరా నీళ్ళలో మునిగి కనబడింది. నేను పంతొమ్మిదింటికీ కుంగు అని రాశాను, తవ్వాలి అని రాశాను. ఒక వీధిలో అన్ని పైపులు కుంగుతాయా అన్న అనుమానం రాలేదా అంటే, వచ్చింది. ఆ పుట్టినరోజు ఇల్లు గుర్తొచ్చి అనుమానాన్ని కూర్చోబెట్టేశాను.

ఆ వారం సోమవారం పొద్దున్నే, టౌన్ వాళ్ళు ముందుగా పంపిన కాగితం పట్టుకుని ఆ వీధి నుంచి ఒక పెద్దాయన ఆఫీసుకి వచ్చారు. తెల్లటి మీసం, ఫ్యాక్టరీ యూనియన్ టోపీ. నా ముఖం చూడగానే తెలుగులోకి దిగిపోయారు. కృష్ణా జిల్లా మనిషి, ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారట.

"ఏమ్మా, మా పైపు మునిగిపోయిందని రాసింది నువ్వేనా?"

నేనేనన్నాను. ఆయన కుర్చీ లాక్కుని, కోపం లేకుండా, లెక్క అప్పజెప్పినట్టు చెప్పారు. భార్యకి కిడ్నీలు పోయి మూడేళ్ళయింది. మంగళ, గురు, శనివారాలు వ్యాన్ వచ్చి డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. ఆవిడ చక్రాల కుర్చీలో బయటికి రావడానికి ముందు గుమ్మం నుంచి ఆయనే చేత్తో కాంక్రీటు ర్యాంపు పోశారు. పక్క గుమ్మంలోంచి కుర్చీ పట్టదు. మురుగు పైపు సరిగ్గా ఆ ర్యాంపు కిందనే పోతోంది. తవ్వితే ర్యాంపు పోతుంది. మళ్ళీ కాంక్రీటు పోయాలంటే చలికాలం దాటాలి. అప్పటిదాకా వారానికి మూడుసార్లు ఆవిణ్ణి ఎలా దింపాలి? టౌన్ వాళ్ళు ఆవిణ్ణి ఒక నర్సింగ్ హోమ్‌లో ఉంచుకోమని సలహా ఇచ్చారట, వసంతం దాకా.

"హోమ్‌కి వెళ్ళినవాళ్ళు వసంతానికి తిరిగిరావడం నేనైతే చూళ్ళేదమ్మా," అన్నారు. "ఇంకోసారి చూడు. చూసి అప్పుడు కూడా తవ్వాలంటే తవ్వుదువుగాని."

ఆయన వెళ్ళాక నేను వాష్‌రూములో తలుపు వేసుకుని ప్రార్థించాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆయన కోసం కాదు, నన్ను ఇందులోంచి తప్పించమని. ముఖం కడుక్కుని ఓనరు గదిలోకి వెళ్ళి, ఒక్క ఇల్లు మళ్ళీ చూడాలన్నాను. ఎందుకన్నాడు. పంతొమ్మిది మరీ ఎక్కువగా ఉందన్నాను. ఆయన క్యాలెండరు చూసి, మంగళవారం పొద్దున ఒక్క పూట ఇస్తానన్నాడు.

మంగళవారం తొమ్మిదింటికి తమ్ముడూ నేనూ ఆ ఇంటి బేస్‌మెంటులో ఉన్నాం. దారంతా అతను అలిగి కూర్చున్నాడు. తన వీడియోని మళ్ళీ చూడాలనడం వంటవాడి కూరలో ఇంటావిడ ఉప్పు వేసినట్టే కదా. మూత తీశాడు, హోస్ వదిలాడు, కెమెరా దింపాడు. ఇరవై అడుగుల దగ్గర, అచ్చం పాత వీడియోలో లాగే, స్క్రీన్ నిండా మట్టి రంగు నీళ్ళు.

"సూడక్కా. ఇగ నన్నేం చెయ్యమంటవ్?" అన్నాడు. అంతలో ఫోన్ మోగితే బయటికి వెళ్ళాడు.

నేను చూస్తూ నిలబడ్డాను. పైనుంచి పెద్దాయన భార్య పిలిచారు; ఆయన్ని అంకుల్ అని, ఆవిణ్ణి ఆంటీ అని అప్పటికే పిలుస్తున్నాను. పదకొండుకి వ్యాన్ వస్తుందని ఆవిడ అప్పటికే తయారై, వంటింటి బల్ల దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. తను తినకూడని ఉప్మా నా కోసం చేయించి పెట్టారు, టీ పోయించారు. గోడ నిండా వెంకటేశ్వరస్వామి దగ్గర్నుంచి సాయిబాబా దాకా అందరి పటాలూ ఉన్నాయి. నా మెడలోని చిన్న సిలువ చూసి ఆవిడ అన్నారు:

"మా వాళ్ళందరికీ ఆయన చెప్పేశార్లేమ్మా. మీ దేవుడికి కూడా ఒక మాట చెప్పి పెట్టు. ఎవరు ఖాళీగా ఉన్నారో ఏమో."

నవ్వుకున్నాం ఇద్దరం. తర్వాత ఆవిడ చేయి పట్టుకుని ప్రార్థించాను. ఈసారి నన్ను తప్పించమని అడగలేదు. ఈ గుమ్మం మూసుకుపోకుండా చూడు తండ్రీ, నా తప్పు ఉంటే నాకు చూపించు, అని అడిగాను. అడిగినప్పుడు అది అంత తొందరగా చూపిస్తాడని నేనూ అనుకోలేదు.

కిందికి దిగేసరికి అంకుల్ కెమెరా పెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. హోస్ చుట్ట చుట్టి తొట్టిలో పెట్టి ఉంది.

"కుళాయి కట్టేశానమ్మా. ఎవరూ లేనప్పుడు నీళ్ళెందుకు దండగ? మీటరు నాది."

మెట్ల మీంచి తమ్ముడు విన్నాడు. నల్లా ఎందుకు బంద్ చేశారని అడుగుతూ దిగి, స్క్రీన్ చూసి ఆగిపోయాడు. నేనూ చూశాను. స్క్రీన్ మీద నీళ్ళు లేవు. ఎర్రటి మట్టి పైపు, అడుగున తడి గీత ఒకటి, ముందు అతుకు దగ్గర పీచులా అడ్డంగా అల్లుకున్న వేళ్ళు. అంతే.

తమ్ముడు హోస్ మళ్ళీ పైపులోకి దింపి కుళాయి తిప్పాడు. వేళ్ళ గుబురు ముందు నీళ్ళు పేరుకుంటూ వచ్చి కెమెరాని ముంచేశాయి. కట్టేశాడు. పావుగంట ముగ్గురం స్క్రీన్ ముందు కూర్చున్నాం. వేళ్ళ సందుల్లోంచి ఊరుతూ, నీళ్ళన్నీ మెల్లగా దిగిపోయాయి. నిజంగా కుంగిన పైపైతే గంటసేపు ఆగినా అడుగున నీళ్ళు కదలవు. ఇక్కడ నీళ్ళు నిలవడానికి కారణం పైపు కాదు. వేళ్ళు అడ్డుకట్ట, మా హోస్ చెరువు.

"పైప్ల ఏం లేదక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నేనే ముంచిన."

ముంచింది నువ్వు, మునిగిందని సంతకం చేసింది నేను, అన్నాను. చూసుకోవలసింది నేనే కదా. అంకుల్ మాత్రం తన మీటరు ఎంత తిరిగిందో చూడడానికి లేచి వెళ్ళారు.

కోత యంత్రం తెచ్చి ఆ వేళ్ళు కోసి మళ్ళీ చూశాం. వీధి దాకా వాలు చక్కగా ఉంది, ఒక్క చోటా నీళ్ళు నిలవలేదు. వ్యాన్ వచ్చి ఆంటీని తీసుకెళ్ళేటప్పుడు నేను ర్యాంపు పక్కన నిలబడ్డాను. ఇంకా ఏమీ చెప్పలేదు. పద్దెనిమిది ఇళ్ళ సంగతి తేలాలి.

ఓనరుకి ఫోన్లో జరిగినదంతా చెప్పాను, నా పేరు దాచుకోకుండా. ఆయనకి తవ్వే యంత్రాలు, ఎక్స్‌కవేటర్లు, రెండున్నాయి, చలికాలం ముందు అంత తవ్వకం పని చేజారిపోతుంది. అయినా, రెండో కెమెరా బండి కూడా పంపిస్తున్నానన్నాడు. తడిసిన రిపోర్టు మీద తన కంపెనీ పేరు ఉండడం ఇష్టం లేదన్నాడు.

మిగిలింది మూడు రోజులు. మేం వెళ్ళకముందే అంకుల్ టోపీ పెట్టుకుని ప్రతి ఇంటి తలుపూ తట్టేవారు. పావుగంట ఎవరూ కుళాయి తిప్పకూడదు, ఎవరూ ఫ్లష్ చేయకూడదు, ఇది ఆయన ఆజ్ఞ. వీధిలో ఇటాలియన్లు, లెబనీస్ వాళ్ళు, ముగ్గురు పంజాబీలు, అందరూ ఆయనకి ఫ్యాక్టరీ రోజుల నుంచి తెలిసినవాళ్ళే. ఒక ఇంట్లో స్నానానికి వెళ్ళబోతున్న కుర్రవాణ్ణి తువ్వాలుతో సహా హాల్లో కూర్చోబెట్టారట. తమ్ముడు ప్రతి ఇంట్లో నీళ్ళు వదిలి కెమెరా జార్చేవాడు, కట్టేసేవాడు, గడియారం చూసుకునేవాడు. నేను ఆ పావుగంటా ప్రార్థన చేసుకునేదాన్ని. మూడో రోజుకి అతను గడియారం మానేసి, "అక్కా, ఆమెన్ అన్నవా?" అని అడిగేవాడు.

గురువారం సాయంత్రానికి తేలింది. నిజంగా కుంగినవి మూడే. ఆ మూడింటికీ కుంగిన చోట చిన్న గొయ్యి చాలు. మొదటి రిపోర్టులో కుంగు అని రాయనివాటిలో ఒకటి మాత్రం పైన పగిలి ఉంది, దానికి మొత్తం తవ్వక తప్పదు. మిగిలిన వాటన్నిటికీ వేళ్ళు కోసి లైనింగ్ వేస్తే చాలు. ర్యాంపు ఉన్న ఇల్లు వాటిలో ఒకటి.

శుక్రవారం మీటింగు టౌన్ ఆఫీసులో చిన్న గదిలో. వీధి వాళ్ళంతా వచ్చారు. ఓనరు లేచి నన్ను చూపించి, రిపోర్టు ఈవిడే చెప్తుందని చెప్పి కూర్చున్నాడు. అమ్మ చాప మీద నేర్పిన ఇంగ్లీషులో, మొదటి రిపోర్టు రాసింది నేనే, అది తప్పు, అని మొదలుపెట్టాను. ఎందుకు తప్పో చెప్పాను. కుళాయి కట్టకముందు వీడియో, కట్టాక వీడియో, రెండూ పక్కపక్కన చూపించాను.

టౌన్ ఇంజనీరు ఒకావిడ. పాతికేళ్ళ అనుభవం ఉందని అందరూ భయపడే మనిషి. ఆవిడ రెండో వీడియో మళ్ళీ వేయించుకుని చూసి, ఇలా ఆగి చూడాలని మీకు ఎవరు చెప్పారు, ఏ కోర్సులో ఉంది ఇది, అని అడిగారు.

"నీళ్ళ బిల్లు కట్టే ఒక పెద్దమనిషి నేర్పారండీ," అన్నాను.

వెనక వరసలో అంకుల్ టోపీ తీసి చేయెత్తారు. గదంతా ఘొల్లున నవ్వింది. నవ్వు తగ్గాక ఇంజనీరుగారు పెన్ను తీసుకుని, తమ టౌన్ ఫారంలో అక్కడికక్కడే ఒక గడి గీశారు: నీళ్ళు ఆపాక ఎంతసేపు ఆగి చూశారు? ఆ గడి నింపకుండా తెచ్చిన రిపోర్టు ఇక మీద తీసుకోబోమన్నారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల పని చేసే పిల్లలు ఆ గడి చూసి విసుక్కుంటారని విన్నాను. విసుక్కోండి, కానీ నింపండి.

తమ్ముడు తర్వాత సొంతంగా బండి కొనుక్కున్నాడు. కొత్తవాళ్ళకి పని నేర్పేటప్పుడు మొదటి రోజు కెమెరా ముట్టనివ్వడట, కుళాయి దగ్గర నిలబెడతాడట. ఓనరు ఎక్స్‌కవేటర్లలో ఒకటి అమ్మి లైనింగ్ బండి కొన్నాడు. నాకు జీతం పెంచాడు, ఎందుకో మాత్రం చెప్పలేదు. దేవునికి స్తోత్రం.

ర్యాంపు ఇంటికి లైనింగ్ వేసింది రెండు వారాల తర్వాత, ఒక గురువారం. ఆ రోజు నాకు అక్కడ పని లేదు, అయినా వెళ్ళాను. పొద్దున్నే బేస్‌మెంటు మూతలోంచి తొడుగుని గాలితో పైపులోకి తోశారు. అది గట్టిపడేదాకా ఇంట్లో చుక్క నీళ్ళు వాడకూడదు. అంకుల్‌కి ఆ నిబంధన చాలా నచ్చింది. మొదటి మంచు సన్నగా పడుతోంది. పదకొండుకి వ్యాన్ వచ్చింది. అంకుల్ శాలువా కప్పి, కుర్చీ బ్రేకులు తీసి, ర్యాంపు మీదికి తోశారు.

సగంలో ఆంటీ చేయెత్తి ఆపమన్నారు.

"ఇప్పుడు నేను దేని మీదున్నానమ్మా?" అని నన్ను అడిగారు.

"కొత్త పైపు మీదున్నారు ఆంటీ. ఇంకో రెండు గంటల్లో గట్టిపడుతుంది."

ఆవిడ కిందికి, తన కాళ్ళ కింది కాంక్రీటు వైపు కాసేపు చూశారు. తర్వాత భర్త వైపు తల తిప్పారు.

"విన్నారుగా, అది ఇంకా పచ్చిగా ఉందట. మెల్లగా తొయ్యండి."

ఆయన అడుగులో అడుగేస్తూ తోశారు, పసిబిడ్డ ఉన్న ఉయ్యాలని ఊపినట్టు. వ్యాన్ డ్రైవరు లిఫ్ట్ దించి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు.